బండి మోసేదెంత? మనం ఎక్కించేదెంత?

ఊరికి ప్రయాణమంటే సామాను సర్దేది ఎవరు? ఏ ఇంట్లో అడిగినా ఒకటే జవాబు! బండి కొనేటప్పుడు రంగు, ధర, మైలేజీ మగవాళ్ళు చూసుకుంటారు. అందులో ఏం పడుతుంది, ఏం పట్టదు అనే తంటా మాత్రం మనది. పిల్లల స్వెట్టర్లు, మామగారి మందులు, ఆవకాయ సీసా, కుక్కరు, దుప్పట్లు... ‘ఇంకో సంచీకి చోటుంది’ అనిపిస్తే చాలు, దాన్నీ తోసేస్తాం. కానీ ‘పట్టడం’ వేరు, ‘మోయడం’ వేరు. ఈ రెంటికీ మధ్య తేడా తెలియకపోతే వచ్చే ముప్పు చిన్నది కాదు.

మేముండేది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ దగ్గర. మా అత్తగారు, మామగారు వేసవికి రాజమండ్రి నుంచి వస్తున్నారంటే మావారికి ఎప్పటినుంచో ఉన్న కోరిక మళ్ళీ మేలుకుంది. క్యాంపర్ వ్యాను కొనాలి, అందర్నీ ఎక్కించుకుని లేక్ డిస్ట్రిక్ట్ కొండలు, చెరువులు చూపించాలి! క్యాంపర్ వ్యాను అంటే మరేం లేదు... వ్యానులోనే మడతపెట్టే పడక, రెండు బర్నర్ల పొయ్యి, చిన్న సింకు, నీళ్ళ ట్యాంకు అమర్చిన బండి. హోటలు వెతుక్కునే పని ఉండదు. ఎక్కడ ఆగితే అక్కడ కాఫీ కలుపుకోవచ్చు. వినడానికి బాగుంది కదా! ‘సరే, చూద్దాం, కానీ లెక్క నేను చూస్తాను’ అన్నాను.

జపాను బండే ఎందుకు?

ఇక్కడ అమ్మకానికి వచ్చే పాత క్యాంపర్లలో జపాను నుంచి దిగుమతి అయినవి చాలా ఉంటాయి. కారణం తేలికే. జపానులోనూ మనలాగే, ఇంగ్లండులాగే రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగు కుడి పక్కన ఉంటుంది. అందుకే అక్కడి వాడిన బళ్ళు ఇంగ్లండు, న్యూజిలాండు, ఆస్ట్రేలియా దేశాలకి తేలిగ్గా పనికొస్తాయి. 1995 నుంచి 2005 దాకా జపానులో అమ్మిన మాజ్డా బోంగో ఫ్రెండీ ఇక్కడ బాగా పేరున్న బండి. దాని పైకప్పు గొడుగులా పైకి లేస్తుంది, అందులో ఇద్దరు పడుకోవచ్చు. టొయోటా ఆల్ఫార్డ్, నిస్సాన్ ఎల్‌గ్రాండ్ కూడా ఇలాగే వస్తుంటాయి. చాలావాటికి వంటిల్లు, పడక జపానులో పెట్టరు. ఇక్కడికి వచ్చాక సీట్లు కొన్ని తీసేసి, అల్మారాలు బిగించి, క్యాంపరుగా మారుస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉంది! బండితో వచ్చిన కాగితం జపానులో ఉన్నప్పటిది. ఇప్పుడు మన ముందున్నది వేరే బండి.

మేం చూసిన వ్యాను ముచ్చటగానే ఉంది. తెల్లటి అల్మారాలు, నీలం పరదాలు. ‘ఆరు సీట్లు, ఆరు బెల్టులు. ఆరుగురు హాయిగా వెళ్ళొచ్చు’ అన్నాడు అమ్మే అతను. ‘ఎంత బరువు మోస్తుంది?’ అనడిగాను. ‘ఓ, చాలా గట్టి బండి!’ అన్నాడు. అది జవాబు కాదుగా!

గ్యాసు సిలిండరు చెప్పిన పాఠం

ఆ రాత్రి ఫోనులో అత్తగారితో ఈ సంగతే చెప్పాను. ఖాళీ బరువు, మొత్తం బరువు, మోసే బరువు అంటూ నేను చిక్కులుపడి వివరిస్తుంటే, ‘అమ్మాయ్, ఇది గ్యాసు బండ లెక్కే కదుటే!’ అన్నారావిడ.

నిజమే! మన ఇంటికొచ్చే సిలిండరు మీద ఖాళీ బండ బరువు రాసి ఉంటుంది. దాదాపు 15 కిలోలు. అందులో గ్యాసు 14.2 కిలోలు. రెండూ కలిపితే నిండు సిలిండరు బరువు. అత్తగారు సిలిండరు వచ్చిన ప్రతిసారీ కుర్రాడి చేత తూయిస్తారు. తూకంలోంచి ఖాళీ బరువు తీసేసి, గ్యాసెంత ఉందో చూసుకున్నాకే డబ్బులిస్తారు.

బండికీ అంతే. ఖాళీ బండి బరువు ఒకటి. ఈ బండి ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడని మొత్తం బరువు ఇంకొకటి. మొత్తంలోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేది మన వాటా. మనుషులు, నీళ్ళు, గ్యాసు, బట్టలు, వంట సామాను, చివరికి పిల్లల బొమ్మలు కూడా ఆ వాటాలోనే సర్దుకోవాలి. ఈ వాటానే ఇంగ్లీషులో ‘పేలోడ్’ అంటారు. మొత్తం బరువుని ‘గ్రాస్ వెహికల్ వెయిట్’ అంటారు.

మన దేశంలో బండి ఆర్‌సీ మీద కూడా ‘అన్‌లాడెన్ వెయిట్’ అని ఒక అంకె ఉంటుంది. అది ఖాళీ బండి బరువే. ఈసారి ఆర్‌సీ చేతికొస్తే చూడండి.

ఆ కాగితంలో ఏముంది?

జపాను నుంచి వచ్చే బండికి అక్కడి రిజిస్ట్రేషను తాలూకు కాగితం ఉంటుంది. ఎగుమతి కోసం ఇచ్చిన సర్టిఫికెట్టు. అంతా జపాను లిపిలోనే. తేదీలు కూడా వాళ్ళ చక్రవర్తుల లెక్కలో ఉంటాయి. ‘హేసే 15’ అంటే 2003 అన్నమాట. హేసే అంకెకి 1988 కలిపితే మనకి తెలిసిన సంవత్సరం వస్తుంది. అక్షరాలు రాకపోయినా అంకెలు మామూలు అంకెలే కాబట్టి భయం లేదు. అనువాదం చేయించిన కాగితం అడగడం మన హక్కు. మేం అడిగాం, రెండు రోజుల్లో ఇచ్చాడు.

అందులో బరువుల గళ్ళు ఇలా ఉన్నాయి. బండి బరువు 1,800 కిలోలు. మనుషులు 8 మంది. మొత్తం బరువు 2,240 కిలోలు.

పైపైన చూస్తే 440 కిలోలు మోస్తుందని అనిపిస్తుంది. సామాను తెగ పట్టుకుపోవచ్చనిపిస్తుంది. కానీ ఆ 440 ఎలా వచ్చిందో చూడండి. జపానులో ఒక్కో మనిషికి 55 కిలోల చొప్పున కడతారు. 8 మందికి 55 చొప్పున సరిగ్గా 440! అంటే అది కేవలం మనుషుల లెక్క. ఇలాంటి ప్రయాణికుల బండికి ఆ లెక్కలో ఒక్క సూట్‌కేసుకి కూడా చోటు పెట్టలేదు. మనలో 55 కిలోలున్న పెద్దవాళ్ళు ఎంతమంది చెప్పండి?

ఇంకో సంగతి. ఆ కాగితంలోనే ముందు ఇరుసు, వెనక ఇరుసు బరువులని రెండు అంకెలుంటాయి. ఇరుసంటే తెలుసుగా, యాక్సిల్. అవి చూసి ‘ఇదీ ఇరుసు మోయగలిగే హద్దు’ అనుకునే ప్రమాదం ఉంది. కాదు! అవి ఖాళీ బండి నిలబడినప్పుడు ఒక్కో ఇరుసు మీద పడుతున్న బరువు. రెండూ కలిపి చూస్తే ఖాళీ బండి బరువు వచ్చేస్తుంది. అదే గుర్తు.

ఒక్కో దేశానిది ఒక్కో కొలత

పాతకాలంలో ఒకరు సోలతో, ఒకరు శేరుతో, మరొకరు కిలోతో కొలిచేవారు చూశారా... బళ్ళ బరువులూ అలాగే ఉంటాయి.

జపాను లెక్కలో ఖాళీ బండి అంటే నూనెలు, నిండా ఇంధనం ఉంటాయి కానీ డ్రైవరు ఉండడు. యూరప్ లెక్కలో ‘నడిచే స్థితిలో బరువు’ అంటారు. అందులో 90 శాతం ఇంధనంతో పాటు 75 కిలోల డ్రైవరు కూడా కలిసి ఉంటాడు. కాబట్టి జపాను బండి కాగితాన్ని, జర్మనీ బండి బ్రోషరుని పక్కపక్కన పెట్టి ‘ఇది ఎక్కువ మోస్తుంది, అది తక్కువ మోస్తుంది’ అనడానికి లేదు. ముందు రెండింటినీ ఒకే కొలతకి తేవాలి.

యూరప్ బళ్ళకి, ఇంగ్లండు బళ్ళకి తయారీదారు బిగించిన చిన్న రేకు ఉంటుంది. బానెట్టు కింద గానీ, తలుపు పక్కన గానీ చూడండి. దాని మీద మామూలుగా నాలుగు బరువులు వరసగా ఉంటాయి. మొదటిది బండి దాటకూడని మొత్తం బరువు. రెండోది వెనక ట్రైలరు తగిలిస్తే రెండూ కలిపి దాటకూడని బరువు. మూడోది ముందు ఇరుసు హద్దు. నాలుగోది వెనక ఇరుసు హద్దు. మూడు, నాలుగు కలిపితే మొదటి దానికన్నా ఎక్కువ రావడం మామూలే. అంతమాత్రాన అంత ఎక్కించమని కాదు. ఎంత సర్దినా ఏ ఇరుసూ తన హద్దు దాటకూడదు, మొత్తం తన హద్దు దాటకూడదు. మూడు షరతులూ ఒకేసారి నెగ్గాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లల కార్లకి తలుపు తీస్తే పక్కన ఒక చీటీ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకి మించరాదని కిలోల్లోనూ, పౌండ్లలోనూ రాసి ఉంటుంది. ఒక పౌండు అంటే దాదాపు 454 గ్రాములు. ఈసారి మీ అమ్మాయి దగ్గరికో, అబ్బాయి దగ్గరికో వెళ్ళినప్పుడు ఆ చీటీ చదవండి. పచ్చళ్ళ డబ్బాలు సర్దే ముందు పనికొస్తుంది!

ఇంగ్లండులో బండి రిజిస్ట్రేషను పుస్తకాన్ని వి5సి అంటారు. దాంట్లోనూ బరువుల గళ్ళున్నాయి. అయితే కొన్ని దిగుమతి బళ్ళకి ఆ గళ్ళు ఖాళీగా ఉంటాయి. మేం చూసిన బండికీ ఖాళీయే. అందుకే జపాను కాగితంలోని 2,240నే మా హద్దుగా పెట్టుకున్నాం. ‘అంతకన్నా ఎక్కువ మోస్తుందండీ’ అని ఎవరైనా అంటే, ‘అలా రాసిన కాగితం చూపించండి’ అనడమే. ‘వెనక గట్టి స్ప్రింగులు వేయించాం’ అని కూడా అంటుంటారు. స్ప్రింగు మారిస్తే బండి వెనక భాగం కుంగకుండా నిలబడుతుందేమో గానీ, హద్దు దానంతటదే పెరగదు. హద్దు మారాలంటే పరీక్షించి కొత్త కాగితం, కొత్త రేకు ఇవ్వాల్సిందే.

కాటా మీద తేలిన నిజం

మన ఊళ్ళలో రైసు మిల్లు దగ్గర ధాన్యం లారీలు తూచే కాటా ఉంటుంది కదా, అలాంటివే ఇక్కడా ఉన్నాయి. వేబ్రిడ్జి అంటారు. కొన్ని పౌండ్లిస్తే మామూలు జనం కూడా తూయించుకోవచ్చు. దగ్గర్లో ఎక్కడుందో కౌన్సిలు వాళ్ళు చెబుతారు.

‘కాటా చీటీ చూశాకే బయానా ఇస్తాం’ అని అమ్మే అతనితో చెప్పాను. మొదట కాస్త ముఖం ముడుచుకున్నాడు. ‘ఇంతవరకూ ఎవరూ అడగలేదు’ అన్నాడు. ‘నేనడుగుతున్నాను కదా’ అన్నాను. మావారు నా వంక చూసి, ‘తూకం వేయిద్దాం, పోయేదేముంది’ అన్నారు. చివరికి ముగ్గురం కలిసి వెళ్ళాం. డీజిలు నిండుగా ఉంది, నీళ్ళ ట్యాంకు ఖాళీ, బళ్ళో ఎవరూ లేరు.

చీటీ మీద వచ్చిన అంకె 1,930 కిలోలు.

రెండు సీట్లు తీసేసినా బండి 130 కిలోలు పెరిగింది! అల్మారాలు, పడక, ఫ్రిజ్జు, రెండో బ్యాటరీ... వీటి బరువు కాగితానికి తెలీదు. కాటాకి తెలుసు. ఇక మా వాటా ఎంత? 2,240లోంచి 1,930 తీసేస్తే 310 కిలోలు.

ఇప్పుడు మనుషులు. మావారు 82. నేను 64. పెద్దాడు 38, చిన్నది 29. నలుగురం కలిపి 213. మామగారు 70, అత్తగారు 61. ఆ ఇద్దరు కలిపి 131. ఆరుగురం ఎక్కితే 344 కిలోలు!

ఇంకా ఒక్క సంచీ పెట్టలేదు, ఒక్క చెంబు నీళ్ళు నింపలేదు. అప్పుడే హద్దు దాటి 34 కిలోలు! ఆరు సీట్లున్నాయి, ఆరు బెల్టులున్నాయి. అవన్నీ నిజమే. ఆరుగురిని మోసే వాటా మాత్రం లేదు. అమ్మే అతను అబద్ధం చెప్పలేదు, కానీ నిజమంతా చెప్పలేదు.

అత్తగారికి చెప్పేదెలా?

లెక్క తేలిపోయింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. ‘మీరిద్దరూ ఎక్కితే బండికి బరువెక్కువవుతుంది’ అని అత్తగారితో ఎలా అనడం? అసలే కోడలి నోటి నుంచి వచ్చే మాట! ఎంత మెత్తగా చెప్పినా ‘మేం బరువయ్యామన్నమాట’ అనిపిస్తే? మావారు కూడా, ‘పోనీలే, ఒక్క వారం రోజులే కదా, నెమ్మదిగా నడుపుతాను. అమ్మావాళ్ళు అంత దూరం నుంచి వస్తున్నారు’ అన్నారు. ఆయన బాధ ఆయనది. కానీ వెనక సీట్లో కూర్చోబోయేది ఆ అమ్మావాళ్ళే, మా పిల్లలే. ఈ మాటే ఆయనతో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అమ్మకి నువ్వే చెప్పు. లెక్కలో నీ మాటైతే వింటుంది’ అన్నారు.

దాచిపెట్టడం కన్నా అంకెలు చూపించడమే నయమనిపించింది. కాగితం మీద అందరి బరువులూ, నా బరువుతో సహా, వరసగా రాసి ఫోటో తీసి పంపించాను. పది నిమిషాల్లో ఫోను! ‘బండ బరువు 1,930, నిండు బరువు 2,240. మధ్యలో 310 కదా. ఆరుగురం పట్టం. ఇందులో మొహమాటపడేదేముందే? నిండు సిలిండరులో ఇంకో కిలో గ్యాసు కొట్టమంటామా?’ అన్నారు. మామగారు అవతల నుంచి, ‘మాకు రైలు టికెట్లు తీయండిరా, ఇంగ్లండు రైలెక్కినట్టూ ఉంటుంది!’ అన్నారు.

అలా తేలింది. లేక్ డిస్ట్రిక్ట్‌లో విండర్‌మియర్ ఊరికి రైలు ఉంది. ఆక్సెన్‌హోమ్ దగ్గర బండి మారాలి, అంతే. అక్కడ వాళ్ళిద్దరికీ ఒక గది తీసుకున్నాం. మేం నలుగురం వ్యానులో. రెండు చోట్లకీ భోజనం మాత్రం ఒకటే, వ్యాను వంటింట్లోంచి!

సంచీ సంచీకీ తూకం

నలుగురమే అయితే 310లోంచి 213 పోగా మిగిలింది 97 కిలోలు. చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. ప్రయాణానికి నెల ముందే తీసుకెళ్ళాలనుకున్నవన్నీ జాబితా రాసి, స్నానాల గదిలో ఉండే బరువు మిషను మీద ఒక్కొక్కటే తూచాను.

నీళ్ళ ట్యాంకు నిండా 40 లీటర్లు, అంటే 40 కిలోలు. గ్యాసు సిలిండరు 12. బండి పక్కన వేసుకునే గుడారం 22. పక్కబట్టలు 14. అందరి బట్టలు 28. కుక్కరు, ఇడ్లీ రేకులు, బియ్యం, పప్పులు, పచ్చళ్ళు కలిపి 26. కుర్చీలు, బల్ల 15. పిల్లల సైకిళ్ళు, అవి తగిలించే స్టాండుతో కలిపి 34. మొత్తం 191 కిలోలు! వాటాకి దాదాపు రెట్టింపు.

అప్పుడు కత్తెర పట్టాను. నీళ్ళు దారి ఖర్చుకి 10 లీటర్లు చాలు, మిగతావి చేరాక క్యాంపు సైటులో పట్టుకోవచ్చు. ఒక లీటరు నీళ్ళంటే ఒక కిలో. ఊరికే మోసుకెళ్ళడం దండగ. చిన్న సిలిండరు 6. గుడారం బదులు పలచటి టార్పాలిను 6. పక్కబట్టలు 10. బట్టలు 16. బియ్యం, కూరలు అక్కడే కొనుక్కోవచ్చు కాబట్టి వంట సామాను 12. మడత కుర్చీలు రెండే, 5 కిలోలు. సైకిళ్ళు ఇంట్లోనే. మొత్తం 65 కిలోలు. ఇంకా 32 కిలోలు చేతిలో ఉన్నాయి. ఆ కాస్త ఖాళీ ఉంచడమే మంచిది. తడిసిన బట్టలు, కొన్న వస్తువులు, పిల్లలు ఏరుకొచ్చే రాళ్ళు... తిరుగు ప్రయాణంలో బరువు పెరుగుతుందే గానీ తగ్గదు!

మావాడు సైకిలు కోసం రెండు రోజులు అలిగాడు. వాడికీ అదే కాగితం చూపించి, ‘ఏం తీసేసి సైకిలు పెడదామో నువ్వే చెప్పు’ అన్నాను. కాసేపు లెక్కలేసి, ‘సరే, అక్కడ అద్దెకి తీసుకుందాం’ అన్నాడు.

వెనక వేలాడే బరువు

సైకిళ్ళు వద్దనడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని మామగారు ఒక్క మాటలో చెప్పారు. ‘ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే ఏమవుతుంది? కాడి పైకి లేస్తుంది. ఎద్దుకి పట్టు చిక్కదు.’

వ్యానుకీ అంతే. రెండు ఇరుసుల మధ్య పెట్టిన బరువుని రెండూ పంచుకుంటాయి. వెనక ఇరుసు దాటాక వేలాడదీసిన బరువు అలా కాదు. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లనుకోండి. వెనక ఇరుసుకి ఒక మీటరు వెనక 34 కిలోల సైకిళ్ళు తగిలిస్తే వెనక ఇరుసు మీద పడేది 34 కాదు, దాదాపు 45! ముందు ఇరుసు మాత్రం 11 కిలోలు తేలికవుతుంది. బండిని మలుపు తిప్పేవి ముందు చక్రాలు. అవి తేలికైతే స్టీరింగు పట్టు తప్పుతుంది. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా వెనక ఇరుసు హద్దు దాటిపోయేది ఇలాగే.

అందుకే బరువైనవి కింద, రెండు ఇరుసుల మధ్య. తేలికైనవి పైన, వెనక. అల్మారాలో పై అరలో దిళ్ళు, కింద కుక్కరు. ఇది మన వంటింటి పద్ధతే కదా!

టైర్లు కూడా చూడాలి. టైరు పక్కన సైజు తర్వాత రెండు మూడు అంకెలు, ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకె బరువుకి సంకేతం. 97 అంటే 730 కిలోలు, 100 అంటే 800, 104 అంటే 900. ఇరుసుకి రెండు టైర్లు కాబట్టి రెట్టింపు చేసుకోవాలి. టైరు మోస్తుంది కదా అని ఇరుసు మోస్తుందని కాదు. రెండింటిలో తక్కువ ఏదో అదే హద్దు. ఇరుసుల హద్దు ఎంతో, ఆ రకం బళ్ళు బాగుచేసే గ్యారేజీలో అడిగి కాగితం మీద రాయించుకున్నాం. టైరు మీదే ఇంకో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఏళ్ళ తరబడి కదలకుండా నిలబడ్డ క్యాంపరుకి టైరు అరుగుదల కనపడకపోయినా వయసు మీద పడుతుంది.

బయల్దేరే ముందురోజు సామానుతో, నలుగురం కూర్చుని మళ్ళీ కాటాకెళ్ళాం. మొత్తం 2,210. ముందు ఇరుసు 1,060, వెనక ఇరుసు 1,150. అన్నీ హద్దులోనే! ఆ చీటీ ఇప్పటికీ బండి డ్రాయరులోనే ఉంది.

జరిమానా కన్నా పెద్దది

బ్రిటనులో రోడ్డు మీద ఆపి తూకం వేసే అధికారులుంటారు. హద్దు దాటితే 100 పౌండ్ల నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా. 30 శాతం మించితే కోర్టుకి. సామాను దించేదాకా బండి కదలనివ్వకపోవచ్చు కూడా. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ మరొకటి.

లైసెన్సు సంగతీ తెలుసుకోవాలి. మన భారతీయ లైసెన్సుతో ఇక్కడ స్థిరపడిన 12 నెలల వరకే నడపొచ్చు. తర్వాత ఇక్కడి పరీక్ష పాసవ్వాలి. 1997 జనవరి 1 నుంచి కారు పరీక్ష పాసైనవాళ్ళు మామూలుగా 3,500 కిలోల హద్దు ఉన్న బండి వరకే నడపొచ్చు. మా వ్యానుకి ఇబ్బంది లేదు. కానీ యూరప్ నుంచి వచ్చే పెద్ద క్యాంపర్లలో అంతకి మించిన రేకు ఉన్నవీ ఉంటాయి. అవి కొనేముందు లైసెన్సు చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. ఆంబుల్‌సైడ్ నుంచి కిర్క్‌స్టోన్ కనుమకి ఎక్కే రోడ్డుని అక్కడివాళ్ళు ‘ది స్ట్రగుల్’ అంటారు. తంటా అని అర్థం! అంత నిటారు రోడ్డు. ఎక్కడం కన్నా దిగడమే గుండె గుభేలుమనిపిస్తుంది. బరువు పెరిగేకొద్దీ బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలే ప్రమాదం ఉంది. ఆ వాలులో చిన్నది నిద్రపోతుంటే, ఒక్కటే అనుకున్నాను... సామాను తగ్గించినందుకు పిల్లలు తిట్టుకున్నా ఫరవాలేదు.

మీరూ గుర్తుంచుకోండి

మీరు క్యాంపరు కొన్నా, అద్దెకి తీసుకున్నా, పిల్లల దగ్గరికెళ్ళి వాళ్ళ బండెక్కినా ఈ నాలుగు మాటలూ మరవకండి.

* సీట్లు లెక్కపెట్టి మనుషుల్ని ఎక్కించకండి. మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేసి, మిగిలిన వాటా చూడండి.

* ఆ ఖాళీ బరువులో డ్రైవరు కలిశాడా, ఇంధనం కలిసిందా, తర్వాత బిగించిన అల్మారాలు కలిశాయా అని అడగండి. మార్పులు చేసిన బండైతే కాగితాన్ని కాదు, కాటాని నమ్మండి.

* నీళ్ళు, గ్యాసు, పక్కబట్టలు... అన్నీ తూచి రాసుకోండి. వెనక వేలాడే బరువు దాని అసలు బరువు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

* బయల్దేరే ముందు మనుషులతో, సామానుతో ఒక్కసారి తూకం వేయించండి. మొత్తం ఒకసారి, ఒక్కో ఇరుసు ఒకసారి.

ఇవేవీ ఇంజనీరింగు చదివితే గానీ అర్థంకాని విషయాలు కావు. పాలు, బియ్యం, బంగారం, గ్యాసు... జీవితమంతా తూకం చూసి తీసుకునే చేతులు మనవి. బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘అది మనకేం తెలుస్తుంది’ అని ఎందుకు తప్పుకోవాలి? సామాను సర్దేది మనమే అయినప్పుడు, బండి ఎంత మోస్తుందో అడగాల్సిందీ మనమే!